పట్టుపురుగుల కషాయం

చింగ్ సుయున్‌కి అసహ్యం జాస్తి. మా పట్టు మిల్లులో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. ఒకరు నోరు పెట్టిన కప్పు ముట్టదు. క్యాంటీన్‌లో అన్నం తినే పుల్లలు ఇంటి నుంచి గుడ్డలో చుట్టి తెచ్చుకుని, వాటిని మళ్లీ మరిగే నీళ్లలో ముంచి మరీ తింటుంది. పక్కన ఎవరైనా ఖాండ్రించి ఉమ్మితే ఆ పూటకి ఆమెకి ముద్ద దిగదు. అలాంటి మనిషి పదహారో ఏట నుంచీ చచ్చిన పురుగుల కంపులో ఎలా నెట్టుకొచ్చిందంటే, నెట్టుకొచ్చింది, అంతే. ఆ రోజుల్లో చైనాలో, మా నాన్‌చోంగ్ పట్నంలో ఆడపిల్లకి మిల్లులో ఉద్యోగం దొరికితే కంపు సంగతి ఎవరూ అడిగేవాళ్లు కాదు.

నా పేరు షుచ్యోంగ్. ఆమె పక్క తొట్టి నాది. నాకంటే ఆరేళ్లు పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. మిల్లు వాళ్లిచ్చిన ఇళ్లలో మా గదులు కూడా ఒకే వరండాలో పక్కపక్కనే. అందుకని ఆమె చేతులకి వచ్చిన రోగమూ, దానికి తాగిన మందూ, ఆ మందు వాసనా అన్నీ నాకు తెలుసు. కొన్ని తెలియకపోతేనే బాగుండేది.

మా పని ఇది. కాగే నీళ్ల తొట్టిలో పట్టుగూళ్లు తేలుతూ ఉంటాయి. వేళ్లు ముంచి, దారం కొస వెతికి పట్టుకుని, పైన తిరిగే చక్రానికి అందించాలి. దారమంతా అయిపోయాక గూటిలోంచి పురుగు బయటపడుతుంది, ఉబ్బి, ముడతలు పడి, గోధుమరంగులో. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అవే. మధ్యాహ్నానికి నీళ్లు చిక్కబడి, కుళ్లిన చేపనీ మురికిగుడ్డనీ కలిపి ఉడకేసినట్టు వాసన వేస్తాయి. జుట్టులో చేరితే మూడుసార్లు తలంటుకున్నా పోదు. అయినా మాలో చాలామందిమి ఆ పురుగుల్ని ఇంటికి పట్టుకెళ్లి ఎండుమిరపకాయలేసి వేయించుకునేవాళ్లం. బాగుంటాయి కూడా. సుయున్ మాత్రం వాటి పేరెత్తితే లేచి వెళ్లిపోయేది.

"దానికి మొహం ఉందే షుచ్యోంగ్! మొహం ఉన్నదాన్ని ఎట్లా నములుతారే?" అనేది.

"చేపకి లేదా అక్కా మొహం?"

"చేప రోజంతా నా వేళ్ల మధ్య నానదు కదా!"

ఎనభై ఆరులో, ఆకులు రాలే కాలంలో వానలు పట్టుకున్నప్పుడు, ఆమె వేళ్ల సందుల్లో నీటిపొక్కులు లేచాయి. చేతులు నాని తెల్లబడటం, తోలు ఊడటం మాకందరికీ మామూలే. మిల్లు వైద్యశాలలో పటిక నీళ్లలో ముంచమని చెప్పి, ఊదారంగు మందు పూసి పంపేవాళ్లు. నాలుగు రోజుల్లో తగ్గేది. సుయున్‌కి తగ్గలేదు. పొక్కులు చితికి రసి కారింది. రాత్రికి ఎండి చెక్కు కట్టేది, ఆ చెక్కు పొద్దున తొట్టిలో నాని ఊడిపోయేది. అది మోచేతులకి పాకింది, తర్వాత మెడకి. దురద పుట్టినప్పుడు గేదెలాగా తలుపు అంచుకి ఒళ్లు రుద్దుకుంటూ నిలబడేది. తన చేతులంటే తనకే రోత. కూతురికి జడ వేయడం మానేసింది. పిండి కలపడం మానేసింది. పడుకునేటప్పుడు రెండు చేతులకీ పాత మేజోళ్లు తొడుక్కునేది.

ఆమె మొగుడు వాన్‌చువాన్ జియాలింగ్ నది మీద మనుషుల్ని దాటించే పడవలో పనిచేసేవాడు. నెమ్మదస్తుడు. అతని అక్క వాన్‌ఫెన్ మాత్రం పదిమంది మాటలు ఒక్కతే మాట్లాడే మనిషి. ఒక ఆదివారం వచ్చి మరదలి చేతులు అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇవి పూతలకి పోయేవి కావు. ఒంట్లో చెమ్మ చేరింది. లోపల్నుంచి తోడాలి. లే, హెంగ్ డాక్టరుగారి దగ్గరికి పోదాం."

"నేను ఆ నల్ల కషాయాలు తాగలేను వదినా."

"తాగలేకపోతే రసి కార్చుకుంటూ కూర్చో. మా తమ్ముడు ఇంకెన్నాళ్లు గోడవైపు తిరిగి పడుకోవాలి?"

ఆ మాట నా ఎదురుగానే అంది. సుయున్ లేచి చెప్పులు వేసుకుంది. నన్ను తోడు రమ్మని చెయ్యి పట్టుకోబోయి, మళ్లీ వెనక్కి తీసుకుంది.

హెంగ్ డాక్టరుగారు పాత బజారులో మూలికల అంగడి వెనక గదిలో కూర్చునేవారు. ఎనభై దగ్గర వయసు. నాడి చూడటానికి బల్ల మీద ఒక చిన్న దిండు ఉంది. ఎన్ని వందల మణికట్లు ఆనాయో, నల్లగా నిగనిగలాడుతోంది. సుయున్ తన రుమాలు తీసి దాని మీద పరిచింది. ఆయన చిటికెనవేలి గోరు పొడుగ్గా, పచ్చగా, కొస వంకర తిరిగి ఉంది. ఆ గోటికేసి ఆమె చూసిన చూపు నాకిప్పటికీ గుర్తే.

"నాలుక చాపమ్మా."

చాపింది. వెనక వరసలో ఉన్న అరడజను మందీ మెడలు సాచి చూశారు.

"విరేచనం ఎట్లా అవుతోంది? దొడ్డికెళ్లే గిన్నెకి అంటుకుంటోందా?"

సుయున్ మొహం ఎర్రబడింది. వాన్‌ఫెన్ ముందుకొచ్చింది.

"అంటుకుంటుందండీ! పోయిన పండక్కి మా ఇంటికొచ్చినప్పుడు నేనే కడిగాను."

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. డాక్టరుగారు తలాడిస్తూ కుంచె కలంతో రాసుకుపోయారు. రాస్తూనే, "ఆ తొట్టి పని మానుకోగలవా?" అని అడిగారు. "అది నా చేతిలో ఉందాండీ?" అంది సుయున్. ఆయన చీటీ చింపి వాన్‌ఫెన్‌కి ఇచ్చారు.

ఏడు పొట్లాలు కట్టించుకుని ఇంటికొచ్చాం. ఒక పొట్లం విప్పి బల్ల మీద కాగితం పరిచింది. వేర్లు, బెరళ్లు, ఎండిన పూలు, ఏవో విత్తనాలు. ఆ మధ్యలో కీచురాళ్లు విడిచిపోయిన డొల్లలు, కాళ్లతో సహా. అవి చూసి మొహం ముడుచుకుంది కానీ ఓర్చుకుంది. తర్వాత పుల్లతో వేర్లు పక్కకి నెట్టింది. సున్నం పూసినట్టు తెల్లగా, కర్రలాగా బిగుసుకుపోయిన పట్టుపురుగులు ఏడెనిమిది కనిపించాయి. వాటి కింద ఇంకో చిన్న గుడ్డమూట. విప్పితే నల్లటి పలుకులు. పట్టుపురుగులు పెంచే ఊరి నుంచి వచ్చినదాన్ని నేను, అవేంటో నాకు చూడగానే తెలిసిపోయింది. నోరు మూసుకుని ఉండాల్సింది.

"అక్కా, అది పట్టుపురుగు పెంట" అన్నాను.

ఆమె గాలిలో లేపిన పుల్ల అలాగే ఉండిపోయింది. తర్వాత పొట్లం మడిచి, చంకలో పెట్టుకుని, వానలోనే మళ్లీ బజారుకి నడిచింది. నేను వెంట పరిగెత్తాను.

"డాక్టరుగారూ! ఇరవై ఏళ్లుగా ఈ పురుగుల్ని చేత్తో తీసి పారేస్తున్నాను. ఇప్పుడు తాగమంటారా?"

"నువ్వు పారేసేవి దారం తీసిన పురుగులు. ఇవి అవి కాదు" అన్నారాయన శాంతంగా. "ఇవి తెగులు తగిలి, గూడు కట్టకముందే బిగుసుకుని చచ్చినవి."

"తెగులుతో చచ్చినవా!"

"అవును. ఆ తెగులు వల్లే దానికి గుణం వస్తుంది. దురదకి మంచిది. ఆ నల్లవి చెమ్మని పీలుస్తాయి. మూట విప్పకుండా కుండలో వెయ్యి."

సుయున్ గడప దాటి మురికికాలవ పక్కన వంగింది. పొద్దున తాగిన గంజి అంతా బయటికొచ్చింది.

అయినా తాగింది. వాన్‌ఫెన్ వచ్చి ఎదురుగా కూర్చుని తాగించింది. మా వరండాలో అందరి పొయ్యిలూ వరసగా ఉండేవి. రోజూ సాయంత్రం సుయున్ మట్టికుండ పొయ్యెక్కేది. గంటసేపు ఉడికేది. ఆ వాసన ఎలా చెప్పను? చెదపట్టిన కర్రనీ కోడిగూటినీ కలిపి కాచినట్టుండేది. వరండాలో ఆరేసిన బట్టలకి పట్టేది. మా ఆయన గిన్నె పట్టుకుని మెట్ల మీదకి వెళ్లి తినేవాడు. చివరి గదిలో ఉండే లియావ్ పిన్ని ఊరుకునే రకం కాదు.

"ఎవరింట్లోనన్నా శవం ఉంటే చెప్పండమ్మా, అందరం కలిసి మోసుకుపోదాం" అని కేకేసేది.

"నీ మోకాళ్ల నొప్పులకి నువ్వు రాసుకునే కుక్కకొవ్వు కంటే ఇదే నయం పిన్నీ" అని సుయున్ లోపల్నుంచి జవాబిచ్చేది.

ఆమె తాగే పద్ధతి ఇది. ముక్కుకి బట్టల క్లిప్పు పెట్టుకునేది. కళ్లు మూసుకునేది. నాలుగు గుక్కల్లో లోపలికి దించేది. ఐదోది దిగేది కాదు. చెంబు పట్టుకుని నేను పక్కనే నిలబడేదాన్ని. కొన్నిసార్లు మొత్తం తిరిగి వచ్చేది. అప్పుడు రెండో కాపు కాచుకుని మళ్లీ తాగేది. ఇక పిప్పి దగ్గర పేచీ. మందు పిప్పి నలుగురూ తొక్కే దారిలో పోస్తే రోగం తొక్కినవాళ్లతో పోతుందని వాన్‌ఫెన్ పట్టు. "ఎవరి రోగమో నేను తొక్కుతుంటేనే నాకు ఒళ్లు జలదరిస్తుంది. నాది ఇంకొకరి కాలికి ఎందుకంటించాలి?" అని సుయున్ దాన్ని మరుగుదొడ్డి గుంటలో పోసేది. "అందుకే తగ్గట్లేదు" అని వదిన దెప్పేది.

మొత్తానికి కొంచెం తగ్గింది. మెడ మీది మచ్చలు పోయాయి. మోచేతులు ఆరాయి. వేళ్లు మాత్రం పొద్దున ఆరితే సాయంత్రానికి మళ్లీ చిట్లేవి. రెండున్నర నెలలయ్యేసరికి ఆమె బాగా చిక్కిపోయింది. కుండ కడుగుతున్నా వాంతి, ఆ అంగడి వీధి మలుపు తిరిగినా వాంతి. ఇది చూడలేక వాన్‌చువాన్ ఒకరోజు బస్సుల స్టాండు దగ్గర తెల్లకోటు వేసుకుని కూర్చునే ఒకడి దగ్గర పొడి కొనుక్కొచ్చాడు. వాడి ముందు రెండు ఫొటోలు ఉండేవి, కుళ్లిన చెయ్యి ఒకటి, నున్నటి చెయ్యి ఒకటి. మూడు తరాల ఇంటి మందు, కొండల్లో ముత్తాత కనిపెట్టిందని చెప్పేవాడు.

చిన్న చిన్న కాగితం మడతల్లో గోధుమరంగు పొడి. కాచే పని లేదు, కంపు లేదు. నాలుక మీద వేసుకుంటే మాడిన పిండి రుచి, చివర కొంచెం చేదు. సుయున్ మొదటి మోతాదు మింగి, నోరు తెరిచి నాకు చూపించింది.

"చూడవే, దిగిపోయింది! మనుషులు తినే మందంటే ఇదీ!"

పదిరోజుల్లో చేతులు పసిపిల్ల చేతుల్లా అయ్యాయి. నేను కళ్లారా చూశాను. ఆ రోజు కూతుర్ని కూర్చోబెట్టుకుని నాలుగుసార్లు జడ విప్పి నాలుగుసార్లు వేసింది. పిండి కలిపి వరండా అంతటికీ పకోడీల్లాంటివి వేయించి పెట్టింది. లియావ్ పిన్ని కూడా మోకాళ్లకి అదే పొడి తెప్పించుకుంది. మందుకుండ మంచం కిందకి పోయింది.

కొత్త సంవత్సరం నాటికి సుయున్ మొహం గుండ్రబడింది. ఒంటికి పట్టిందని అందరం సంతోషించాం. ఎండలు ముదిరేసరికి ఆ గుండ్రం మరీ ఎక్కువైంది. ఆవిరిమీద పొంగిన రొట్టెలాంటి మొహంలో కళ్లు లోపలికి పోయాయి. మెడ వెనక మూపురంలా కండ లేచింది. పై పెదవి మీద నూగు నల్లబడింది. తొట్టి అంచు తగిలితే చాలు, చెయ్యి నల్లగా కమిలేది. ఒకరోజు స్నానాల గదిలో తువ్వాలు పక్కకి తీసి కడుపు చూపించింది. జలగలు పాకినట్టు ఊదారంగు చారలు.

"ఇది నా ఒళ్లు కాదే. దీన్ని సబ్బుతో తోముతుంటే ఎవరినో తోముతున్నట్టుంది" అంది. అద్దం మీద క్యాలెండరు కాగితం అంటించేసింది.

ఆ వారమే తెల్లకోటువాడు స్టాండు దగ్గర కనబడకుండా పోయాడు. ఇంట్లో పొడి అయిపోయింది. నాలుగో రోజుకి దురద మళ్లీ లేచింది. ఈసారి మొహంతో సహా ఒళ్లంతా. ఐదో రోజు తొట్టి దగ్గర నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే కూలబడింది. నేనే వెనక నుంచి పట్టుకున్నాను, లేకపోతే కాగే నీళ్లలో పడేది.

పెద్దాసుపత్రిలో ఒక నడివయసు డాక్టరమ్మ ఆమెని చూసింది. మూపురం నొక్కి, కడుపు చూసి, "ఏం మందు మింగుతున్నావు?" అని నేరుగా అడిగింది. సుయున్ సంచి అడుగున చిరిగిన కాగితం మడత ఒకటి దొరికింది, కొంచెం పొడి మిగిలి ఉంది. డాక్టరమ్మ వాసన చూసి పెదవి విరిచింది.

"ఇందులో మూలిక ఒక్కటీ లేదు. స్టెరాయిడ్ మాత్రలు పొడి చేసి పిండిలో కలిపి ఉంటాడు. మేమే రాయడానికి భయపడే మాత్రలు. ఉన్నపళంగా ఆపావు కాబట్టే కూలిపోయావు. లెక్క ప్రకారం తగ్గించుకుంటూ రావాలి. నెలలు పడుతుంది."

ఇరవై రోజులు ఆసుపత్రిలో ఉంచారు. బయటికొచ్చాక ఆ తెల్లకోటువాడి ఇల్లు చూడాలని పట్టుబట్టింది సుయున్. స్టాండు వెనక సందులో ఒక ముసలావిడ ఇంట్లో అద్దెకుండేవాడట. చెప్పకుండా పోయాడని తిడుతూ ఆవిడే తాళం పగలగొట్టి చూపించింది. తలుపు తెరవగానే ఎలుకల కంపు. చాప మీద మాత్రల ఖాళీ సీసాలు. పందులకి మేత నూరే రాతిరోలు. మాడబెట్టిన పిండి ఒక గోనెలో, పైన ఎలుకల పెంటికలు. గోడవారన, మూతలేని ఎనామిల్ పాత్రలో కలిపిన పొడి సగం మిగిలి ఉంది. ఎర్రపూల బొమ్మ ఉన్న పాత్ర.

ముసలావిడ వంగి చూసి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఓరి దరిద్రుడా! ఇది నేను రాత్రిళ్లు మంచం కింద పెట్టుకునే పాత్ర కదా! ఏడాదిగా వెతుకుతున్నాను."

ఈసారి సుయున్‌కి వాంతి రాలేదు. సందు చివర కుళాయి ఉంటే అక్కడికి వెళ్లి, వేలితో పళ్లూ నాలుకా చిగుళ్లూ రుద్దుకుంటూ కూర్చుంది. నీళ్లు ఎర్రగా పోతున్నాయి. "చాలక్కా, చాలు" అని నేను లాగితే కానీ లేవలేదు.

లియావ్ పిన్నికి ఈ సంగతి చెప్పాం. "నా మోకాళ్లకి మాత్రం బాగుందే" అని ఆవిడ ఇంట్లో ఉన్న పొడి మొత్తం అయిపోయే దాకా మింగింది. ఏం చేస్తాం?

వాన్‌ఫెన్ మాత్రం వచ్చి వాయించింది. "నేను తీసుకెళ్లిన చోట తాగలేకపోయావు. ఉచ్చపాత్రలోది మాత్రం తియ్యగా దిగిందా?" వాన్‌చువాన్ జీవితంలో మొదటిసారి అక్క మీద గొంతెత్తాడు. "తెచ్చింది నేను. తిట్టాలంటే నన్ను తిట్టు." సుయున్ ఇద్దరినీ వదిలేసి, ఆసుపత్రి చీటీ పట్టుకుని హెంగ్ డాక్టరుగారి దగ్గరికి బయల్దేరింది. నేనూ వెళ్లాను.

ఆయన చీటీ కళ్లకి దగ్గరగా పెట్టుకుని రెండుసార్లు చదివారు. దెప్పలేదు.

"ఆసుపత్రివాళ్లు చెప్పినట్టే ఆ మాత్రలు తగ్గించు. ఒక్కటి కూడా సొంతంగా మానకు. వాళ్లని అడిగాకే నాది మొదలుపెట్టు. పురుగులు లేకుండా రాయమంటావా?"

"అవి లేకపోతే పనిచేయదా?"

"చేస్తుంది. నిదానంగా."

"పురుగులు వెయ్యండి. పెంట మాత్రం తీసెయ్యండి" అంది సుయున్. పెద్దాయన మొదటిసారి నవ్వారు. తర్వాత ఇంకో కాగితం తీసి మిల్లుకి చీటీ రాశారు. ఆసుపత్రి డాక్టరమ్మ రాసిందీ అదే మాట: ఈ మనిషి చేతులు వేడినీళ్లలో పెట్టకూడదు.

మా విభాగాధికారి యావో రెండు చీటీలూ బల్ల సొరుగులో పడేశాడు. "అందరూ చీటీలు తెస్తే తొట్ల దగ్గర ఎవరు నిలబడతారమ్మా? కొన్నాళ్లు ఓర్చుకో."

మర్నాడు మధ్యాహ్నం భోజనాల గంట కొట్టగానే సుయున్ మందు ఫ్లాస్కు పట్టుకుని యావో గదిలోకి వెళ్లింది. అతను అన్నం గిన్నె తెరిచి కూర్చున్నాడు. ఈమె ఎదురు కుర్చీలో కూర్చుని ఫ్లాస్కు మూత తీసింది. కిటికీ అద్దంలోంచి మేం చూస్తున్నాం.

"ఇక్కడెందుకు తాగుతున్నావు?"

"భోజనం చేశాక వెంటనే తాగాలన్నారండి. హాల్లో తాగితే పురుగుల కంపుకి వాంతవుతోంది. ఇక్కడ మీ గది శుభ్రంగా ఉంది."

క్లిప్పు పెట్టుకుని తాగింది. ఐదో గుక్క దగ్గర ఎప్పటిలాగే డోకు వచ్చింది. ఆ డోకు దాచుకునే ప్రయత్నమేమీ చేయలేదు. యావో గిన్నె మూసేశాడు. మర్నాడూ అంతే. మూడో రోజు ఆమె పొట్లంలోంచి ఒక పురుగుని తీసి, "ఇది చూశారాండీ, తెగులుతో చచ్చిందట" అని అతని ఫైలు మీద పెట్టింది. నాలుగో రోజు అతను గది తాళం వేసుకుపోతే, వరండాలో అతను తిరిగొచ్చేదాకా నిలబడి, వచ్చాక తాగింది. ఐదో రోజు యావో ఫ్లాస్కు చూడగానే కలం తీశాడు.

"ఎండుగదికి పో. చుట్టిన దారం చిలపలు తూచే పని. తొట్టి పనికిచ్చే అదనపు జీతం ఉండదు, ముందే చెబుతున్నాను. ఆ దరిద్రం మాత్రం ఇక్కడికి తేకు."

అలా ఆమె నీళ్లు లేని గదిలోకి మారింది. మాత్రలు ఆగడానికి తొమ్మిది నెలలు పట్టింది, మొహం మామూలు కావడానికి ఏడాదిన్నర. కషాయం మరుసటి వసంతం దాకా తాగింది. ఎనభై తొమ్మిది నాటికి చేతులు ఆరాయి. పిడికిలి మీద తోలు మందంగా, మొద్దుగా ఉండిపోయింది. మందు వల్లే తగ్గిందని వాన్‌ఫెన్ అందరికీ చెప్పుకుంది. నీళ్లు మానడం వల్లే అని నేనంటాను. సుయున్‌ని అడిగితే, "ఏదైతేనేం, ఆ కషాయం తలుచుకుంటే ఇప్పటికీ డోకొస్తుంది" అనేది.

ఆసుపత్రివాళ్లు అప్పట్లో ఇచ్చిన ఫిర్యాదు మీద ఆ మరుసటి ఏడు పోలీసుల నుంచి కబురొచ్చింది. ఇంకో జిల్లాలో, ఇంకో పేరుతో, అదే తెల్లకోటుతో ఒకణ్ని పట్టుకున్నారు, గుర్తుపట్టడానికి రాగలరా అని. ఆరు గంటల బస్సు ప్రయాణం. వాన్‌చువాన్ వద్దన్నాడు. ఆమె నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. కొండదారి పొడుగునా కిటికీ దగ్గర కూర్చుని ఎవరెవరి వాంతుల చప్పుడో వినలేక చెవులు మూసుకుంది.

ఠాణాలో వాణ్ని బెంచీ మీద కూర్చోబెట్టారు. బాగానే ఒళ్లు చేశాడు. సుయున్‌ని చూడగానే గుర్తుపట్టి, పాత చుట్టంలాగా నవ్వాడు.

"అక్కా! చేతులు ఎట్లా ఉన్నాయి? నయమయ్యాయి కదా మరి?"

సుయున్ పోలీసు వైపు తిరిగి, "వీడే" అంది. కాగితం మీద సంతకం పెట్టింది. సిరా ముద్ర కూడా కావాలంటే బొటనవేలు నొక్కింది. వేలిరేఖలు సరిగా పడలేదు, ఆ చర్మం మీద రేఖలు సగం చెరిగిపోయాయి. మళ్లీ నొక్కమన్నారు, మళ్లీ నొక్కింది. మూడోసారికి సరిపోయిందన్నారు.

తిరుగు బస్సులో సగం దారి దాకా బొటనవేలి సిరా రుమాలుతో తుడుచుకుంటూ కూర్చుంది. తర్వాత, "పురుగులు తాగాను, ఆ పాత్రలోది తిన్నాను. వాడి నవ్వు మాత్రం లోపలికి పోవట్లేదే" అంది. ఇంటికొచ్చి పడుకుంది. మర్నాడు పొద్దున షిఫ్టుకి నాకంటే ముందే గేటు దగ్గర నిలబడి ఉంది.